గుమ్మడికాయ సాక్ష్యం

కొత్త బండి తెచ్చుకున్న రోజున దాని ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు కదా, అదే రోజు బ్రేకు నొక్కి చూశారా? జ్ఞాపకం తెచ్చుకుని నిజం చెప్పండి. నిమ్మకాయ చితికిన చప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది. బ్రేకు సంగతి గుర్తు లేదంటే మీరూ మా పెద్ద సారూ ఒకే బడిలో చదివారన్నమాట. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

నా ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయనగా, దసరా వెళ్లిన మరుసటి వారం, నాకొక ఉత్తర్వు అందింది. అప్పుడు నేను గోదావరిఖనిలో ఒక బొగ్గు కంపెనీకి సూపరింటెండింగ్ ఇంజినీరును. పంపులు, బొగ్గు మోసే బెల్టులు, బరువులు లాగే ఇనుప తాళ్లు, అవి తెగినప్పుడు వచ్చే తిట్లు, ఇవన్నీ నా విభాగం కిందివే. ఆ ఉత్తర్వులో నన్నొక శాఖాపరమైన విచారణకు విచారణాధికారిగా నియమించారు. కంపెనీ మనిషి మీద ఛార్జిషీటు పడితే, ఆ మనిషితో సంబంధం లేని వేరే విభాగం అధికారి ఒకరు కూర్చుని సాక్ష్యాలు విని, అభియోగం రుజువైందో లేదో రాయాలి. శిక్ష వేసేది ఆయన కాదు. కానీ ఆయన రాసిన చివరి వాక్యం మీదే శిక్ష నిలబడుతుంది.

ఛార్జిషీటు సుగుణ అనే జనరల్ మజ్దూర్, అంటే చెప్పిన పనల్లా చేసే కార్మికురాలి మీద. విధుల్లో నిర్లక్ష్యం వల్ల కంపెనీ ఆస్తికి నష్టం కలిగించిందని అభియోగం. ఆ ఆస్తి పేరు చదివి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. తెరచాప పడవ, ఒకటి.

బొగ్గు ఊళ్లో తెరచాప పడవేమిటని అడగాలి మీరు. నేనూ అడిగాను, అది వచ్చిన రోజున. పైనుంచి తవ్వి బొగ్గంతా తీసేసిన ఒక చిన్న ఓపెన్‌కాస్ట్ గుంత మా దగ్గర నీళ్లు నిండి ఉండేది. ఏ పైవాడికి ఆలోచన వచ్చిందో గానీ దాని గట్టు మీద గడ్డి వేశారు, రంగుల గొడుగులు పాతారు, చానెళ్లనే ఇనుప దూలాలతో, పడవలు ఆగడానికి, నీళ్లలోకి ఒక జెట్టీ కట్టారు. ఆదివారాలు జ్యోతినగర్ నుంచి కార్లలో కుటుంబాలు వచ్చి తొక్కే పడవలెక్కేవి. వాటి మధ్యకు ఒక తెల్లటి ఫైబర్ పడవ, పొడుగాటి స్తంభంతో, నీలం తెరచాపతో వచ్చింది. దాన్ని నడపడం నేర్పడానికి వచ్చిన మనిషి రెండు రోజులుండి వెళ్లిపోయాడు. తెరచాప ఎత్తడం ఎవరికీ పట్టుబడలేదు. అందువల్ల ఆ పడవ ఉద్యోగం, చాలామంది అధికారుల ఉద్యోగంలాగే, ఒకచోట అందంగా నిలబడటం.

నిలబడితే దెబ్బలు తగలవనుకోవద్దు. పడవలు తుపానులో పగులుతాయని మనం కథల్లో విన్నాం. ఫైబర్ పడవకు రోజువారీ దెబ్బలు మాత్రం కట్టేసిన చోటే తగులుతాయి. నీటి మీద ఉన్న వస్తువు క్షణం కూడా కదలకుండా ఉండదు. గాలి తోస్తుంది, అల ఎత్తుతుంది, దించుతుంది. పక్కన ఇనుపదో సిమెంటుదో గోడ ఉంటే పడవ పొట్ట దానికి రాసుకుంటుంది. అందుకని మధ్యలో ఫెండర్లు వేలాడదీస్తారు. ఫెండరంటే గాలి నింపిన లావుపాటి రబ్బరు బుడ్డీ, అంతకుమించి రహస్యమేమీ లేదు. దెబ్బ పడవ తినకుండా అది తింటుంది. ఇక తాళ్లు. ముందొకటి, వెనకొకటి, అవి కాక ఏటవాలుగా రెండు, ఒకదాన్నొకటి దాటుతూ. పడవ గోడకు గుద్దుకోకూడదు, నీళ్లతోపాటు లేచి దిగగలగాలి కూడా. ఈ రెండో మాటలోనే మా కథంతా ఉంది.

సుగుణ భర్త భూగర్భ గనిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. సర్వీసులో ఉండగానే జబ్బుచేసి పోయాడు. అలా పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది, ఇంటికి ఒక్కసారే. ఇద్దరు ఆడపిల్లలు, కళ్లు సరిగ్గా ఆనని అత్త, వీళ్ల కోసం ఆ ఒక్క ఉద్యోగంలో సుగుణ చేరింది. జెట్టీ గేటు తెరవడం, ఊడ్చడం, వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడగడం, పడవల్లో చేరిన నీళ్లు తోడిపోయడం ఆమె పని. ఏడాది పరీక్షా కాలంలో పది నెలలు గడిచాయి. అభియోగం రుజువైతే పదకొండో నెల ఉండదు. ఇంకోసారి ఉద్యోగం అడుగుదామన్నా ఆ ఇంటికి అడిగే హక్కే ఉండదు.

మొదటి రోజు విచారణ వెల్ఫేర్ ఆఫీసు గదిలో జరిగింది. మేనేజ్‌మెంట్ తరఫున అభియోగం వినిపించే అధికారి ఒకరు ఫైలుతో వచ్చారు. నిబంధన ప్రకారం, సాయంగా తోటి ఉద్యోగిని ఎవరినైనా తెచ్చుకోవచ్చని సుగుణకు చెప్పాను.

“నా పక్కకు ఎవ్వరొస్తరు సార్?” అంది. “బొగ్గు మసైతే కడుక్కుంటరు. నా నీడ వడితె కడుక్కున్నా పోదంటున్రు.”

ఫైలులో లేని అభియోగం అలా మొదటి నిమిషంలోనే బయటపడింది. కాగితం మీద నిర్లక్ష్యం అని రాశారు. క్యాంటీన్‌లో చెప్పుకునేది వేరు. రోజూ పొద్దున్నే మొగుడు లేని మనిషి గేటు తెరిస్తే, ఆ మొహం మొదట చూసిన పడవ పగలక ఏమవుతుందట! ఈ మాట అన్నవాళ్లలో పాలిటెక్నిక్ చదివినవాళ్లున్నారు. ఫైబర్ ఎక్కడ ఎంత ఒత్తిడికి పగులుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు.

ఫైలులో ఉన్న సంగతి ఇది. దసరా రోజు జెట్టీ దగ్గర ఆయుధ పూజ జరిగింది. ఆ తర్వాత మూడు రోజులు పండగకని సందర్శకులను రానివ్వలేదు. నాలుగో రోజు పొద్దున పడవ ఒక పక్కకు ఒరిగి, తాళ్లకు వేలాడుతూ, పొట్ట పగిలి, లోపల మోకాలి లోతు నీళ్లతో కనిపించింది. మొదట చూసిందీ, పరుగెత్తి చెప్పిందీ సుగుణే. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పూజ రోజుతో కలిపి అంతకుముందు నాలుగు రోజులూ ఆమె డ్యూటీలో ఉన్నట్టుంది. జెట్టీ దగ్గర వేలిముద్ర యంత్రం లేదు, చేతిరాత మస్టరే. డ్యూటీలో ఉండి మూడు రోజులు పడవ వైపు చూడలేదంటే నిర్లక్ష్యమే కదా అన్నారు మేనేజ్‌మెంట్ తరఫు అధికారి. తర్కం నున్నగా ఉంది.

ఆ రోజుల్లో నువ్వు డ్యూటీలో ఉన్నావా అని అడిగాను. సుగుణ గది మూల బెంచీ మీద కూర్చున్న భూమయ్య వైపు చూసి తల దించుకుంది. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

భూమయ్య జెట్టీ ఇన్‌ఛార్జి. గనిలో హాలేజీ ఖలాసీగా చేరి ఫోర్‌మన్ దాకా వచ్చినవాడు. హాలేజీ అంటే ఏటవాలు దారిలో బొగ్గు తొట్లను ఇనుప తాడుతో పైకి లాగే ఏర్పాటు. ఆరు నెలల్లో రిటైరవుతాడు, మోకాళ్లు అరిగాయి, అందుకని తేలిక డ్యూటీ కింద జెట్టీకి వేశారు. నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఆయన చేతిలో ఒక్క తొట్టి కూడా తెగి వెనక్కి జారలేదు. అలాంటి మనిషి నేల వైపు చూస్తున్నాడంటే నేల మీద ఏదో ఉందని అర్థం. స్థల పరిశీలన చేస్తానని రాసి విచారణ వాయిదా వేశాను. విచారణాధికారికి ఆ అధికారం ఉంది. వాడేవాళ్లు తక్కువ, ఎండగా ఉంటుంది కాబట్టి.

మర్నాడు సుద్దముక్క, టేపు, టార్చి పట్టుకుని జెట్టీకి వెళ్లాను. సుగుణ, భూమయ్య, మేనేజ్‌మెంట్ తరఫు అధికారి వచ్చారు. పడవను గట్టు మీదికి లాగి రెండు దుంగల మీద బోర్లించి ఉంచారు.

ముక్కు దగ్గర మొదలుపెట్టాను. అక్కడ తెల్లటి పై పూత మీద నక్షత్రంలా పగుళ్లు, నడుమ గుండ్రటి నొక్కు. ఇదేమిటని అడిగాను. భూమయ్య గొంతు సవరించుకున్నాడు.

“కొబ్బరికాయ సార్.”

“ఎవరు కొట్టిన్రు?”

“పెద్ద సారే. ఒక్క దెబ్బకు పలగలే. మూడోసారికి పలిగింది.”

“కాయనా, పడవనా?”

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనేజ్‌మెంట్ తరఫు అధికారి ఆకాశం వైపు చూశారు.

పెద్ద సారంటే మా ఏరియా జనరల్ మేనేజరు. ఇలాంటి తప్పు బొగ్గు గనుల వాళ్లే చేయగలరు. మా దగ్గర ఆయుధ పూజకు బొగ్గు మోసే డంపర్ల మీద, తవ్వే షవళ్ల మీద కాయ కొడతారు. డంపరు బంపరు మందపాటి ఉక్కు, దానికి ఏనుగు కొట్టుకున్నా మచ్చ పడదు. ఆ చేత్తోనే, ఆ ఊపుతోనే, మిల్లీమీటర్ల మందం ఉన్న ఫైబర్ మీద కొట్టారు. కాపాడమని వేడుకుంటూ కొట్టిన మొదటి దెబ్బ అది. రెండోది కాస్త పక్కన ఉంది. నిమ్మకాయలు, మిరపకాయల దండ తగిలించడానికి అంచులో దిగ్గొట్టిన మేకు. పడవకు చిల్లు పడకూడదని మొక్కుతూ చిల్లు పెట్టారు.

తర్వాత పక్క గోడ. పడవ పొట్ట బాగా లావుగా ఉన్నచోట మూడు లోతైన గాట్లు, వాటిలో రెండింటి దగ్గర పగులు లోపలి దాకా దిగింది. గాటుకూ గాటుకూ మధ్య దూరం కొలిచాను. జెట్టీ మీదికి వెళ్లి దాని పక్క చానెల్‌కు బిగించిన బోల్టు తలల మధ్య దూరం కొలిచాను. రెండూ ఒకటే. అంగుళన్నర బయటికి పొడుచుకొచ్చిన బోల్టు తలలు, పడవ నిలబడే మేర నాలుగున్నాయి. బోల్టులు నాలుగు, గాట్లు మూడు. నాలుగోది ఎక్కడికి పోయింది?

నాలుగో బోల్టు ఎదురుగా పడవ మీద ఉండవలసిన చోట సుద్దతో గీత గీశాను. అక్కడ గాటు లేదు, గీత కూడా లేదు. ఎండిపోయిన పసుపుపచ్చ గుజ్జు అంటుకుని ఉంది. దానిలో గింజలు. జెట్టీ స్తంభానికి ఇంకా ఒక కొబ్బరి తాడు, దానికి చిరిగిన ఉట్టి.

దిష్టి గుమ్మడికాయ! సరిగ్గా ఆ బోల్టు ముందు వేలాడదీశారు. మూడు రోజులు అది ఆ ఇనుముకూ పడవకూ మధ్య నలిగి నలిగి, తాను చితికి, పడవను కాపాడింది. ఆ జెట్టీ మీద తన డ్యూటీ చేసిన ఒకే ఒక్క ఉద్యోగి అది.

“మరి గా తెల్ల బుడ్డీలేవి?” అని అడిగాను. పడవ పాత ఫొటోలో ఫెండర్లు చూశాను గనక.

“పూజకు ముందు దినమే నేను చెప్పిన సార్, అవి తియ్యకున్రి కాకా అని,” అంది సుగుణ, మొదటిసారి గొంతు పెంచి.

భూమయ్య ఆమె వైపు తిరిగాడు. “నువ్వు చెప్పినవ్ బిడ్డా, నేను కాదన్ననా? ఫొటోల దవాఖాన దిండ్ల లెక్క కనవడుతున్నయ్, తీసెయ్ అన్నడు పెద్ద సారు. తీసి స్టోర్ల ఏసిన.”

స్టోరు తెరిపించాను. నాలుగు ఫెండర్లూ గొలుసు వేసి భద్రంగా ఉన్నాయి. పడవను కాపాడే వస్తువును దొంగల నుంచి కాపాడారు. వాటి మీద ప్లాస్టిక్ సంచీలో పడవతోపాటు వచ్చిన సూచనల పుస్తకం, విప్పకుండానే. విప్పి చదివాను. ముక్కు గాలికి ఎదురుగా ఉంచి కట్టమంది. ఆ గుంతలో గాలి ఉత్తరం గట్టు మీద నుంచి దిగుతుంది. పూజ చేయించిన సిద్ధాంతి మాత్రం పడవ ముక్కు తూర్పుకే ఉండాలన్నాడట, అందుకని గాలంతా పక్కనుంచి తోసి పడవను జెట్టీకి రాసింది. గోడ అంచులకు రబ్బరు వేయమంది పుస్తకం. బెల్టు రబ్బరు మా వర్క్‌షాపు వెనక గుట్టగా పడి ఉంటుంది. నీటి మట్టం మారేచోట తాళ్లు వదులుగా ఉంచమంది.

ఇక్కడ నేను దాచకుండా చెప్పవలసిన ముక్క ఒకటి ఉంది. ఆ సంచీకి గుచ్చిన కవరింగ్ లెటరు మూల మీద నా పొట్టి సంతకం ఉంది. పడవ వచ్చిన వారంలో అది నా బల్ల మీదికి వచ్చింది, చూశాను అన్నట్టు సంతకం పెట్టి పంపేశాను. చూడలేదు.

అప్పుడు భూమయ్యను, తొక్కే పడవ ఒకటి ఉంది కదా, తెరచాప పడవను ఎలా కట్టావో దాన్ని అలాగే కట్టమన్నాను. ఆయన మోకాళ్ల నొప్పి మరిచిపోయి వంగాడు. తాడు చుట్టి, కాలు ఆనించి, గుంజి, మెలివేసి కట్టాడు. పడవ జెట్టీకి అతుక్కుపోయింది.

“వేలు దూరది సార్. చూడున్రి,” అన్నాడు. నిజంగానే దూరలేదు.

“ఇంత బిగువెందుకు భూమన్నా?”

“ఎందుకేంది సార్! లూజు తాడు పానం తీస్తది. హాలేజీల జేసినోన్ని, మీకు ఎర్కలేదా? తాడు లూజున్నదంటె జర్కొస్తది, జర్కొస్తే తెగుతది, తెగితే తొట్టి ఎన్కకొచ్చి మనిషి మీదికెక్కుతది. తాడు బిగువుంటెనే మనిషి ఇంటికి వోతడు.”

“మంచిదే. నీళ్లు జానెడు దిగితే?”

ఆయన అర్థం కానట్టు చూశాడు. “నీళ్లెందుకు దిగుతయ్?”

పక్క గనిలో ఊరే నీటిని పంపులతో ఈ గుంతలోకి వదులుతాం. ఈ గుంతలోంచి పొలాలకు తోడుకుంటారు. పండగ రోజుల్లో నీళ్లు వదిలే మా పంపొకటి మరమ్మతుకు ఆపాం, ఆ లాగ్‌బుక్ నా విభాగానిదే. తోడే పంపులు ఆగలేదు. మూడు రోజుల్లో నీరు జానెడు దిగింది, జెట్టీ స్తంభం మీద తడి గుర్తు ఇంకా కనిపిస్తోంది. భూమయ్య ఆ గుర్తును చూశాడు. కట్టిన తాడును చూశాడు. నీళ్లు దిగాక పడవ దిగలేక, తాళ్లకు ఒక పక్క వేలాడి, పొట్టను బోల్టుల మీద ఆనించి, గాలి తోసినప్పుడల్లా రంపంలా కోసుకోవడం ఆయనకు కనిపించింది. నేనేమీ చెప్పనవసరం లేకపోయింది.

“గనిల పట్టాలు దిగయ్ గద సార్,” అన్నాడు. “తాడు కట్టిన చోటు కట్టినట్టే ఉంటది.” ఆ తర్వాత జెట్టీ మీదే కూర్చున్నాడు. “పడవ పలగగొట్టింది నేనే సార్, రాసుకోన్రి. మస్టరు గూడ నేనే ఏసిన. గీ పిల్ల ఆ నాలుగొద్దులు రాలే. నేనే రావొద్దన్న.”

సిద్ధాంతి చెప్పాడట, పూజ రోజు, ఆ పైన మూడు రోజులు, గుమ్మడికాయ మీద మొగుడు లేని మనిషి నీడ పడకూడదని. పెద్ద సారు తల ఊపారు. భూమయ్యకు ఆమె మీద జాలి కలిగింది. జీతం కోత పడకుండా నాలుగు రోజులకూ ముందే మస్టరు వేసి, ఇంటి దగ్గరుండమని చెప్పి, తాను సొంతూరికి పండగకు వెళ్లిపోయాడు. జాలితో వేసిన ఆ నాలుగు గీతలే తర్వాత ఆమె మెడకు చుట్టుకున్నాయి. డ్యూటీలో ఉన్నానంటే నిర్లక్ష్యం, లేనంటే దొంగ మస్టరు. ఏది ఒప్పుకున్నా ఉద్యోగం పోతుంది. అందుకే ముందురోజు గదిలో ఆమె నోరు మెదపలేదు.

ఇప్పుడు మెదిపింది. కొంగు నడుముకు దోపుకుని, మా ముగ్గురి వైపు కాక పడవ వైపు చూస్తూ మాట్లాడింది.

“నా నీడ వడితె పలుగుతదన్నరు. సరే, నేను రాలే, నీడ వడలే. మరి పడవ ఎట్ల పలిగింది సార్? నేనున్న పది నెల్లు ఎందుకు పలగలే?”

చదువుకునే రోజుల్లో నేను ఊరూరా చర్చాసభల్లో మాట్లాడినవాణ్ని. మూఢనమ్మకాల మీద గంటన్నర ఏకబిగిన మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ని. ఇంత పొట్టిగా, ఇంత తిరుగులేకుండా నేనెప్పుడూ వాదించలేదు. ఆమెను అడగవలసిన ప్రశ్నలేమైనా ఉన్నాయా అని మేనేజ్‌మెంట్ తరఫు అధికారిని నిబంధన ప్రకారం అడిగాను. లేవన్నారు.

ఆమె ఇంకో ముక్క చేర్చింది. “రోజు పొద్దుగాల గా స్తంభం మీద నీళ్ల గీత చూస్త. దిగితె తాడు ఇంత ఇడుస్త. కాకకు తెల్వకుంట. తెలిస్తె కొట్లాడుతడు.”

“అగో!” అన్నాడు భూమయ్య. “పది నెల్లసంది పొద్దుగాల లూజుంటుంటె, దయ్యమేదో ఇప్పుతుందనుకున్న గద బిడ్డా!” మళ్లీ గుంజి కట్టేవాడట, రోజూ. సాయంత్రం ఆయన బిగించేవాడు, తెల్లారి ఆమె వదిలేది. పడవ పది నెలలు బతికింది ఈ చెప్పుకోని తగవు వల్ల.

నివేదిక పదకొండు పేజీలు వచ్చింది. అభియోగం రుజువు కాలేదని రాశాను. మస్టరు రాత ఆమె చేతిది కాదనీ, పైవారు రావద్దన్నందువల్ల రాని మనిషిని గైరుహాజరు అనలేమనీ రాశాను. నష్టానికి కారణాలు రాశాను. బోల్టులు, బిగువు తాడు, తీసేసిన ఫెండర్లు, తూర్పు దిక్కు, మేకు, కొబ్బరికాయ. చదవకుండా పెట్టిన నా పొట్టి సంతకం గురించి కూడా ఒక పేరా రాశాను. నాలుగో బోల్టు దగ్గర గుమ్మడికాయ వల్ల పడవకు రక్షణ కలిగిందనీ, దాని బదులు బెల్టు ముక్క వేలాడదీసినా అదే రక్షణ కలిగేదనీ, బెల్టు ముక్క కుళ్లదనీ రాశాను.

పెద్ద సారు ఫోన్ చేశారు. నివేదిక బాగుందన్నారు. కొబ్బరికాయ పేరా ఒక్కటి తీసేస్తే ఇంకా బాగుంటుందన్నారు. సిబ్బంది మనోభావాల మాట ఎత్తారు. నేను పడవ మనోభావాల గురించి రాశానని చెప్పాను. ఆయన నవ్వలేదు. నమ్మకం వల్ల ఎవరికేం నష్టమని అడిగారు. ఇది చర్చాసభల్లో నేను వందసార్లు విన్న ప్రశ్న. ప్రతిసారీ పెద్ద పెద్ద జవాబులు చెప్పాను. ఈసారి, ముక్కు దగ్గర ఒక నొక్కు, ఒక చిల్లు, ఒక మనిషి ఉద్యోగం అని చెప్పి ఊరుకున్నాను. పేరా తీయలేదు.

సుగుణ పరీక్షా కాలం పూర్తయి ఉద్యోగం ఖాయమైంది. భూమయ్యకు మస్టరు విషయంలో హెచ్చరిక లేఖ ఒకటి ఇచ్చి వదిలేశారు, గడువుకే రిటైరయ్యాడు. నాకు చివరి ఏడాదికి రామకృష్ణాపూర్ బదిలీ వచ్చింది. పరిపాలనా కారణాలు అని రాశారు. పరిపాలనకు కారణాలుంటాయని అప్పుడే తెలిసింది.

పడవకు పట్టీలు వేయించాక జెట్టీ పక్క చానెల్ పొడవునా పాత బెల్టు రబ్బరు తొడిగించారు. ఫెండర్లు కట్టారు. తాళ్లు ఇప్పుడు సుగుణ కడుతుంది, భూమయ్య రిటైరయ్యేలోపు ఏటవాలు కట్టు ఆమె దగ్గర నేర్చుకున్నాడట. ఇదంతా బాగానే ఉంది. ఈమధ్య బసంత్‌నగర్ బస్సులో కలిసిన పాత క్లర్కు ఒకాయన మిగిలింది చెప్పాడు. జెట్టీకి ఇప్పుడు రెండు గుమ్మడికాయలు కడుతున్నారు. ఎందుకంటే, ఇంజినీరు సారే విచారించి, గుమ్మడికాయ పనిచేసిందని పదకొండు పేజీల నివేదికలో రాశాడు కదా!

ఆ విచారణ నాకు నేర్పింది ఇంతే. కారణం అడగని జాగ్రత్త ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పగలగొడుతుందో చేసేవాడికి తెలియదు. భూమయ్య బిగువు తాడు గనిలో విజ్ఞానం. ఆ మనిషే, ఆ చేత్తోనే, కారణాన్ని గనిలో వదిలి తాడును మాత్రం నీటి ఒడ్డుకు తెచ్చాడు, అది నిమ్మకాయ దండకు చెల్లెలైంది. నా పొట్టి సంతకమూ ఆ కుటుంబంలోదే. ఇక నివేదికలు మనుషులను మారుస్తాయని నేను అనుకోవడం మానేశాను. తమకు కావలసిన ఒక్క వాక్యం వాటిలోంచి తీసుకుని మిగతాది స్టోరులో పడేస్తారు, ఫెండర్లలాగే.

కాబట్టి ఈ పేజీలోంచి కూడా మీకు నచ్చిన వాక్యం ఏరుకుని పోకండి. రేపు మీ పనిచోటికి వెళ్లగానే, గుమ్మానికో యంత్రానికో వేలాడుతున్న ఆ గుమ్మడికాయను పక్కకు జరపండి. దాని వెనక ఏ బోల్టు పొడుచుకుని ఉందో చేత్తో తడిమి చూడండి. పూజ రోజున రావద్దని మీరెవరికి చెప్పారో ఆ మనిషి పేరు గుర్తు తెచ్చుకోండి. వచ్చే దసరాకు గేటు తాళంచెవి ఆమె చేతికే ఇవ్వండి. కొబ్బరికాయ మాత్రం, దయచేసి, బండరాయి మీద కొట్టండి.